గురి కుదిరిన కథ

హనుమకొండలో డాబా మీద ఎనిమిది అంగుళాల కంప్యూటర్ టెలిస్కోపు పెట్టుకున్నవారికి ఈ అనుభవం కొత్తేమీ కాదు. చేతిలో కంట్రోలర్, అందులో వేల పేర్ల జాబితా. శనిని ఎంచుకుని బటన్ నొక్కితే మోటార్లు గుయ్యిమంటూ గొట్టాన్ని తిప్పుతాయి, చివర్లో వేగం తగ్గించుకుని ఆగుతాయి. ఐపీస్‌లో కన్ను పెట్టి చూస్తే చీకటి తప్ప ఏమీ ఉండదు. శని ఎక్కడికీ పోలేదు, అర డిగ్రీ పక్కనే ఉన్నాడు. మామూలు కంటికి అర డిగ్రీ లెక్కలోకి రాదు. చాచిన చేతి చిటికెన వేలి వెడల్పులో సగం అంతే. కానీ 2,000 మిల్లీమీటర్ల నాభ్యంతరం ఉన్న టెలిస్కోపుకు 10 మిల్లీమీటర్ల ఐపీస్ తగిలిస్తే, అందులో కనబడే ఆకాశం మొత్తం వెడల్పే పావు డిగ్రీ.

పంచాంగం లెక్కల్లో డిగ్రీకి అరవై కళలు, కళకు అరవై వికళలు. నిండు చంద్రుడి వెడల్పు సుమారు 31 కళలు. సరిగా అమర్చని టెలిస్కోపు ఒకటి రెండు డిగ్రీలు తేలిగ్గా గురి తప్పుతుంది. ఓపిగ్గా సర్దితే ఆ తేడా కొన్ని కళల్లోకి వస్తుంది. కెమెరా తోడైతే వికళల్లోకి దిగుతుంది. ఈ మెట్లు దిగడానికి మనిషికి రెండున్నర శతాబ్దాలు పట్టింది. ఆ కథలో కొన్ని ఘట్టాలు మద్రాసులో, విశాఖపట్నంలో, హైదరాబాద్‌లో జరిగాయి.

రాయి ఒక్కటే చాలలేదు

మద్రాసులో విలియం పెట్రీ అనే కంపెనీ ఉద్యోగి 1786లో సొంతంగా ఒక వేధశాల పెట్టుకున్నాడు. ఆ పరికరాలతోనే ఈస్టిండియా కంపెనీ 1792లో నుంగంబాకంలో తన వేధశాలను కట్టించింది. నమూనా గీసినవాడు మైఖేల్ టాపింగ్. నక్షత్రాలు మధ్యాహ్నరేఖ దాటే క్షణాన్ని పట్టే పరికరం కోసం అక్కడ ఒక గ్రానైట్ స్తంభం నిలబెట్టారు. దాని మీద చెక్కించిన శాసనంలో తెలుగు కూడా ఉంది. పరికరం కదిలితే కొలత చెడుతుంది కాబట్టి అంత బరువైన రాయి కావలసి వచ్చింది. డాబా మీద మూడు కాళ్ల స్టాండు పెట్టి, పక్కనే అటూ ఇటూ నడిచేవారికి ఆ రాయి ఎందుకో వెంటనే అర్థమవుతుంది.

అయితే రాయి ఎంత గట్టిదైనా, దాని మీద కూర్చున్న ఇత్తడి పరికరం పరిపూర్ణంగా ఉండదు. జర్మనీలో టోబియాస్ మేయర్ 1750ల్లోనే ఈ సంగతి పట్టుకున్నాడు. మధ్యాహ్నరేఖ వెంట మాత్రమే కదిలే ఆ టెలిస్కోపుకు మూడు దోషాలు ఉంటాయి. దాని ఇరుసు సమతలంగా ఉండదు, ఆ ఇరుసు సరిగ్గా తూర్పు పడమరలకు ఉండదు, గొట్టం ఇరుసుకు సరిగ్గా లంబంగా ఉండదు. మూడూ చిన్నవే, మూడింటినీ పూర్తిగా పోగొట్టడం అసాధ్యం. మేయర్ వాటిని పోగొట్టే ప్రయత్నం మానేసి, ఒక్కొక్కటీ కొలతను ఎంత చెడగొడుతుందో చెప్పే సూత్రం రాశాడు. దోషం ఎంతో తెలిస్తే దాన్ని లెక్కలోంచి తీసేస్తే సరిపోతుంది.

తరవాత కోనిగ్స్‌బర్గ్‌లో ఫ్రెడరిక్ బెసెల్ దీన్ని సిద్ధాంతంగా మార్చాడు. ఏ పరికరాన్నయినా రెండుసార్లు తయారు చేయాలన్నది ఆయన వాదన: ఒకసారి పనివాడు లోహంతో, రెండోసారి ఖగోళవేత్త కాగితం మీద, దాని తప్పులన్నీ కొలిచి. రోజూ సరిగ్గా ఐదు నిమిషాలు ముందు నడిచే గోడ గడియారంతో ఇల్లంతా సుఖంగా బతుకుతుంది. ఒకరోజు మూడు, ఒకరోజు ఏడు నిమిషాలు తేడా చూపే గడియారంతో ఎవరూ బతకలేరు. ఒకే తీరుగా మళ్లీ మళ్లీ వచ్చే తప్పు తప్పే కాదు, అది కొలత. బెసెల్ ఈ క్రమశిక్షణతోనే 1838లో 61 సిగ్ని అనే నక్షత్రం మన నుంచి ఎంత దూరమో తేల్చాడు. సూర్యుణ్ణి మినహాయిస్తే, అలా నమ్మదగిన దూరం తేలిన మొదటి నక్షత్రం అదే. అందుకు ఆయన పట్టుకోవలసి వచ్చిన కదలిక వికళలో మూడో వంతు.

తోటలో వేధశాల

ఇంటి ఆవరణలో టెలిస్కోపు పెట్టుకోవడం మనకు కొత్త సరదా కాదు. విశాఖపట్నం జమీందారు గోడే వెంకట జగ్గారావు మద్రాసు వేధశాలలో టి.జి. టేలర్ దగ్గర పాఠం నేర్చుకుని, 1840లో తన ఊళ్లో సొంత వేధశాల కట్టుకున్నారు. గురువు సామాన్యుడు కాడు. 11,015 నక్షత్రాల స్థానాలు కొలిచి పట్టిక వేసినవాడు. జగ్గారావు తరవాత ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు ఆ వేధశాలను నడిపించారు. 1868, 1871 సూర్యగ్రహణాలను, 1874 డిసెంబరులో సూర్యుడి మీదుగా శుక్రుడు దాటడాన్ని అక్కడి నుంచే పరిశీలించారు.

శుక్రుడు సూర్యబింబం అంచును తాకే క్షణాన్ని పట్టాలంటే గడియారం సరిగా ఉండాలి. గడియారం సరిగా ఉందో లేదో నక్షత్రం మధ్యాహ్నరేఖ దాటినప్పుడే తెలుస్తుంది. నక్షత్రం ఎప్పుడు దాటాలో పట్టిక చెప్పాలి. పరికరం, గడియారం, పట్టిక ఒకదాన్నొకటి సరిచూసుకుంటాయి. ఈనాటి కంట్రోలర్ లోపల జరిగేదీ ఇదే. పట్టికలో నక్షత్రం చోటు తప్పుగా ఉంటే ఎంత గొప్ప మోటారైనా తప్పు చోటికే తీసుకెళ్తుంది. కాబట్టి గురి కథలో సగం, ఆకాశానికి సరైన పటం ఎలా వచ్చిందన్న కథ.

హైదరాబాద్ గాజు పలకలు

1887లో పారిస్‌లో ఖగోళవేత్తలు సమావేశమై ఆకాశం మొత్తాన్ని ఫొటోలు తీసి పట్టిక వేయాలని తీర్మానించారు. ఆకాశాన్ని పట్టీలుగా విడగొట్టి ప్రపంచంలోని వేధశాలలకు పంచారు. పని మొదలయ్యాక కొందరికి అది తలకు మించిన భారమైంది. చిలీలోని శాంటియాగో తన వంతు వదిలేసింది. జర్మనీలోని పోట్స్‌డామ్ పూర్తి చేయలేకపోయింది.

ఆ సమయానికి నిజాం రాజ్యంలో నవాబ్ జాఫర్ జంగ్ ఇంగ్లండు నుంచి 15 అంగుళాల గ్రబ్ టెలిస్కోపు తెప్పించి, హైదరాబాద్ ఫిసల్‌బండలో 1901లో సొంత వేధశాల నెలకొల్పారు. అది కూడా ఒక ఔత్సాహికుడి ఇంటి వేధశాలే. 1907లో ఆయన పోయాక, ఆయన కోరిక ప్రకారమే నిజాం ప్రభుత్వం దాన్ని తీసుకుని బేగంపేటకు మార్చింది. అదే నిజామియా వేధశాల. మొదటి డైరెక్టర్ ఆర్థర్ చాట్‌వుడ్, తరవాత రాబర్ట్ పోకాక్, 1918 నుంచి టి.పి. భాస్కరన్. 1919లో వేధశాల ఉస్మానియా విశ్వవిద్యాలయం చేతికి వచ్చింది. ఖగోళ మధ్యరేఖ నుంచి నక్షత్రం ఎన్ని డిగ్రీల దూరంలో ఉందో చెప్పేది క్రాంతి. శాంటియాగో వదిలేసిన దక్షిణ క్రాంతి 17 నుంచి 23 డిగ్రీల పట్టీని హైదరాబాద్ నెత్తికెత్తుకుంది. అది ముగిసేలోగా పోట్స్‌డామ్ వంతులో ఉత్తర క్రాంతి 36 నుంచి 39 డిగ్రీల భాగం కూడా మీద పడింది.

ఆ పని ఎలా ఉండేదో కొంచెం దగ్గరగా చూడాలి. 8 అంగుళాల కుక్ ఆస్ట్రోగ్రాఫ్‌లో ఒక చదరపు గాజు పలక. దాని మీద సుమారు రెండు డిగ్రీల వెడల్పు, రెండు డిగ్రీల ఎత్తు ఆకాశం పడుతుంది. పలక మీద ఒక మిల్లీమీటరు ఆకాశంలో ఒక కళ. నక్షత్రాలతోబాటు 5 మిల్లీమీటర్లకో గీత చొప్పున సన్నని గళ్లు కూడా పలక మీద ముద్రిస్తారు. పలక కడిగి ఆరబెట్టాక ఒక మనిషి మైక్రోస్కోపు ముందు కూర్చుని, ఒక్కో చుక్క దగ్గరి గీత నుంచి అడ్డంగా ఎంత, నిలువుగా ఎంత అని చదివి పుస్తకంలో రాస్తాడు. ఆ చుక్క అయిపోతే పక్క చుక్క, ఆ పలక అయిపోతే ఇంకో పలక. ఇలా ఏడున్నర లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలు హైదరాబాద్ నుంచి అచ్చయ్యాయి.

ఇందులో మరో మెలిక ఉంది. ఫొటో తీసేటప్పుడు టెలిస్కోపు సరిగ్గా అనుకున్న బిందువుకే గురిపెట్టి ఉండదు. పలక కాస్త జరిగి ఉంటుంది, కాస్త తిరిగి ఉంటుంది, వేడికి చలికి స్కేలు మారి ఉంటుంది. ఆక్స్‌ఫర్డ్‌లో హెచ్.హెచ్. టర్నర్ దీనికి సులువైన లెక్క చూపించాడు. పలకలో ముందే స్థానాలు తెలిసిన కొన్ని నక్షత్రాలుంటాయి. అవి ఉండాల్సిన చోటుకూ, పలక మీద ఉన్న చోటుకూ తేడా చూస్తే ఆరు సంఖ్యలు తేలతాయి. ఆ ఆరూ దొరికితే పలక మీద ఉన్న మిగతా చుక్కలన్నిటి స్థానాలూ దొరికినట్టే. టెలిస్కోపు ఎటు చూసిందో టెలిస్కోపును అడగకుండా, ఫొటోలో పడ్డ నక్షత్రాలనే అడగడం ఈ పద్ధతిలోని కీలకం. నూరేళ్ల తరవాత మన డాబాల మీదికి వచ్చింది ఇదే కీలకం.

కంప్యూటర్ చేతికి పగ్గాలు

ఆనాటి పెద్ద టెలిస్కోపులను కూడా మనుషులే గురిపెట్టేవారు. ఇరుసుల మీద డిగ్రీలు చెక్కిన చక్రాలు ఉండేవి. సహాయకుడు వాటిని చదివి తిప్పేవాడు, ఖగోళవేత్త చిన్న దుర్భిణిలో చూసి సరిచేసేవాడు. 1974లో ఆస్ట్రేలియాలోని సైడింగ్ స్ప్రింగ్‌లో 3.9 మీటర్ల ఆంగ్లో ఆస్ట్రేలియన్ టెలిస్కోపు పని మొదలుపెట్టినప్పుడు ఆ బాధ్యత కంప్యూటర్‌కు అప్పగించారు. అక్కడ పనిచేసిన పాట్రిక్ వాలెస్, మేయర్ రాసిన మూడు దోషాల జాబితాను ఇంకా పెంచాడు.

ఇరుసు ధ్రువానికి గురిగా ఉందా? ఎత్తు దిశలో ఎంత తేడా, పక్కకు ఎంత తేడా? రెండు ఇరుసులు ఒకదానికొకటి లంబంగా ఉన్నాయా? గొట్టం కిందికి వంగినప్పుడు బరువుకు ఎంత కుంగుతుంది? ఒక్కో దోషం ఆకాశంలో తనదైన నమూనాలో తప్పును పుట్టిస్తుంది. గొట్టం కుంగడం వల్ల వచ్చే తప్పు నడినెత్తిన ఉండదు, దిక్చక్రానికి దగ్గరయ్యేకొద్దీ పెరుగుతుంది. ధ్రువం గురి తప్పితే ఆకాశంలో ఒక వైపు పైకి, ఎదుటి వైపు కిందికి తప్పుతుంది. కాబట్టి ఆకాశమంతా పరచుకున్న పదుల కొద్దీ నక్షత్రాలకు టెలిస్కోపును పంపి, ప్రతిసారీ ఎంత తప్పిందో రాసుకుని, ఆ తేడాల్లోంచి దోషాలను విడదీయవచ్చు. ఆ విడదీతకు గణితవేత్త లెజాండ్ర్ 1805లో ప్రచురించిన కనిష్ఠ వర్గాల పద్ధతే పనికొచ్చింది. అంత పెద్ద ఇనుప యంత్రం కొన్ని వికళల లోపు గురికి వచ్చింది. వాలెస్ ప్రోగ్రామ్ టీపాయింట్ పేరుతో ప్రపంచంలోని పెద్ద వేధశాలలకు పాకింది, తరవాత ఔత్సాహికుల సాఫ్ట్‌వేర్‌లోకీ వచ్చింది.

ఇంటి టెలిస్కోపులోకి లెక్క

సెలెస్ట్రాన్ 1987లో కంప్యూస్టార్ అనే మోడల్‌తో, మీడ్ 1992లో ఎల్ఎక్స్200తో ఈ తెలివిని ఇంటి టెలిస్కోపులోకి తెచ్చాయి. అయితే ఇంటి వాడకంలో ఒక చిక్కుముడి ఉంది. వేధశాలలో యంత్రాన్ని ఒకసారి బిగిస్తే ఏళ్ల తరబడి అక్కడే ఉంటుంది. ఇంట్లో రోజూ బయటికి తెచ్చి, మళ్లీ లోపల పెట్టాలి. ఉత్తరం ఎటో, నేల సమతలంగా ఉందో లేదో చూసుకునే ఓపిక ఎవరికి ఉంటుంది?

జపాన్‌కు చెందిన తోషిమి టాకి 1989లో ఒక ఖగోళ పత్రికలో దీనికి చక్కటి పరిష్కారం రాశాడు. నక్షత్రం ఉన్న దిశను మూడు సంఖ్యలుగా రాయవచ్చు. పట్టిక లెక్కలో ఒక నక్షత్రానికి మూడు సంఖ్యలు, ఇరుసులు ఎంత తిరిగాయో చెప్పే ఎన్‌కోడర్ల లెక్కలో అదే నక్షత్రానికి వేరే మూడు. రెండో నక్షత్రానికీ అలాగే. ఆ రెండు దిశలకూ లంబంగా ఉండే మూడో దిశను గణితమే పుట్టిస్తుంది. మూడు దిశల జతలు దొరికితే ఒక భాషలోంచి ఇంకో భాషలోకి మార్చే మూడు వరసల మాత్రిక తయారవుతుంది. స్టాండు ఏ వాలులో ఉన్నా, ఎటు తిరిగి ఉన్నా నష్టం లేదు. ఈనాటి కంట్రోలర్లు అడిగే రెండు నక్షత్రాల అలైన్‌మెంట్‌కు ప్రాణం ఇలాంటి లెక్కే.

దీంతో ఒక పెద్ద తప్పుల కుప్ప మాయమైంది. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది కాబట్టి గడియారం నాలుగు నిమిషాలు తప్పితే గురి ఒక డిగ్రీ తప్పుతుంది. భారత కాలమానంలోని ఐదున్నర గంటల్లో ఆ అరగంట నమోదు చేయడం మరిచిపోతే ఏడున్నర డిగ్రీలు పోతుంది. ఒకే నక్షత్రంతో సర్దితే ఈ తేడా నెత్తిన కూర్చుంటుంది. రెండు నక్షత్రాలతో సర్దితే మాత్రిక దాన్ని కూడా ఇరుసు మలుపుగా భావించి మింగేస్తుంది.

ఆ రెండు నక్షత్రాలు యంత్రానికి పరీక్ష కూడా పెడతాయి. మఖకూ జ్యేష్ఠకూ మధ్య ఆకాశంలో దూరం దాదాపు 100 డిగ్రీలు. అది ఎవరూ మార్చలేని సంఖ్య. ఒకదాని నుంచి ఇంకోదానికి వెళ్లాక ఎన్‌కోడర్లు తొంభైతొమ్మిదిన్నర డిగ్రీలు అని లెక్క చెబితే, ఆ అర డిగ్రీ యంత్రానిదే. లేదా చూసింది మఖ కాదు, పక్కనున్న మరేదో నక్షత్రం.

కళ దగ్గర ఆగిపోయిన చోట

మాత్రిక ఎంత చక్కగా ఉన్నా, మళ్లీ అదే తీరుగా రాని తప్పులను అది ఏమీ చేయలేదు. ఇంటి టెలిస్కోపులో అవే ఎక్కువ.

మొదటిది గేర్లలో వదులు. మోటారు దిశ మార్చినప్పుడు పళ్లు అవతలి అంచును తాకేవరకు గొట్టం కదలదు, కానీ కంప్యూటర్ మాత్రం కదిలిందనే అనుకుంటుంది. దీనికి మందు చాలా సులువు. సర్దే నక్షత్రాన్ని మధ్యకు తెచ్చేటప్పుడు చివరి కదలిక ఎప్పుడూ ఒకే వైపు నుంచి ఉండాలి. టెలిస్కోపు తనంతట తాను వెళ్లి ఆగేటప్పుడు చివర్లో ఏ వైపు నుంచి చేరుకుంటుందో చూసి, అదే వైపు బటన్లతో ముగించాలి. నక్షత్రం దాటిపోతే వెనక్కి లాగి సరిపెట్టుకోకుండా, బాగా వెనక్కి తెచ్చి మళ్లీ అదే వైపు నుంచి తీసుకురావాలి.

రెండోది మధ్య ఎక్కడన్నది. ఐపీస్‌లో గుండ్రటి చీకటి మైదానం మధ్యలో ఒక చుక్కను కంటితో ఉంచడం కష్టం. ఫోకస్ బాగా చెడగొడితే చుక్క కాస్తా పెద్ద వెలుగు బిళ్ల అవుతుంది. దాని చుట్టూ మిగిలిన చీకటి అంచు నాలుగు వైపులా సమానంగా ఉందో లేదో కన్ను ఇట్టే పట్టేస్తుంది. అడ్డగీతలున్న ఐపీస్ ఉంటే ఇంకా మేలు.

మూడోది లోపలి అద్దం. పెద్ద అద్దాన్ని ముందుకూ వెనక్కూ జరిపి ఫోకస్ చేసే రకాల్లో, అద్దం తన గొట్టం మీద కాస్త వాలుతుంది, బొమ్మ పక్కకు జరుగుతుంది. ఫోకస్ చక్రం చివరి తిప్పు అపసవ్య దిశలో ఉంటే అద్దం బరువుకు ఎదురుగా నెట్టబడి నిలుస్తుంది. అందుకే అనుభవజ్ఞులు అలా ముగిస్తారు.

నాలుగోది వర్మ్ గేరు. 180 పళ్ల చక్రాన్ని తిప్పే వర్మ్ అనే మర సుమారు ఎనిమిది నిమిషాలకొక చుట్టు తిరుగుతుంది. అది పూర్తి గుండ్రంగా లేకపోతే నక్షత్రం ఎనిమిది నిమిషాలకోసారి ముందుకూ వెనక్కూ ఊగుతుంది. ఇది మాత్రం మళ్లీ మళ్లీ వచ్చే తప్పే కాబట్టి ఒకసారి నమోదు చేస్తే మోటారే సరిదిద్దుకుంటుంది.

వరంగల్ నడినెత్తిన

సర్దడానికి ఏ నక్షత్రాలు ఎంచుకోవాలన్నది ఊరిని బట్టి మారుతుంది. వరంగల్ అక్షాంశం దాదాపు 18 డిగ్రీలు. స్వాతి క్రాంతి 19 డిగ్రీలు, రోహిణిది పదహారున్నర. అంటే మన కళ్లకు బాగా పరిచయమైన ఈ రెండు ప్రకాశవంతమైన నక్షత్రాలూ ఓరుగల్లు మీద దాదాపు నడినెత్తిన దాటుతాయి. స్వాతి మే మూడో వారంలో రాత్రి పదిన్నర ప్రాంతంలో, రోహిణి డిసెంబరు మొదట్లో అర్ధరాత్రి వేళ. చూడముచ్చటగా ఉంటుంది కానీ, పైకీ పక్కకూ తిరిగే మౌంటుకు, అంటే టెలిస్కోపును మోసి తిప్పే పీఠానికి, నడినెత్తి కన్నా చెడ్డ చోటు లేదు. గొట్టం నిట్టనిలువుగా ఉన్నప్పుడు మౌంటు చుట్టూ ఎంత తిరిగినా నక్షత్రం ఐపీస్‌లోంచి బయటికి పోదు. అంటే ఉత్తరం ఎటు ఉందన్న ప్రశ్నకు ఆ నక్షత్రం జవాబు చెప్పలేదు.

మే నెలలో అదే సమయానికి మఖ పడమటన సుమారు 30 డిగ్రీల ఎత్తున, జ్యేష్ఠ ఆగ్నేయంలో 34 డిగ్రీల ఎత్తున ఉంటాయి. ఈశాన్యంలో అభిజిత్తు కూడా 30 డిగ్రీలకు చేరి ఉంటుంది. మొదటి రెంటితో సర్ది, మూడోదానితో సరిచూసుకుంటే ఆకాశంలో ఎక్కువ భాగం చేతికి వస్తుంది.

ధ్రువుణ్ణి ఆధారం చేసుకునే ఈక్వటోరియల్ మౌంటుతో మనకు ఇంకో ఇబ్బంది. ధ్రువ నక్షత్రం వరంగల్‌లో కేవలం 18 డిగ్రీల ఎత్తున, ఇళ్ల కప్పుల మీదుగా మసక గాలిలో కనిపిస్తుంది. అంత కింద వాతావరణం వెలుగును వంచి నక్షత్రాన్ని దాదాపు మూడు కళలు పైకి ఎత్తి చూపిస్తుంది. చల్లటి దేశాల అక్షాంశాలను దృష్టిలో పెట్టుకుని చేసిన కొన్ని మౌంట్లు అసలు ఇంత తక్కువ కోణానికి వంగవు. కొనేముందు ఆ స్కేలు 18 దాకా దిగుతుందో లేదో చూసుకోవాలి.

అయనాంశ తెలిసినవారికి ఇంకో దోషం వెంటనే బోధపడుతుంది. భూమి ఇరుసు మెల్లగా తిరగడం వల్ల విషువ బిందువు ఏటా 50 వికళలు వెనక్కి జరుగుతుంది. శతాబ్దాలుగా పేరుకున్న ఆ తేడా నేడు సుమారు 24 డిగ్రీలై పంచాంగాల్లో కనిపిస్తుంది. పట్టికలు చాలావరకు 2000 సంవత్సరపు స్థానాలు ఇస్తాయి. పాతికేళ్లలో అవి దాదాపు 21 కళలు జరిగాయి, అంటే చంద్రుడి వెడల్పులో మూడింట రెండు వంతులు. కంప్యూటర్‌లోని ఆకాశ పటం 2000 నాటి లెక్కలో, మౌంటు ఈనాటి లెక్కలో మాట్లాడుకుంటే ఆ 21 కళలు ఎక్కడి నుంచి వచ్చాయో తెలియక జుట్టు పీక్కోవాలి. మెనూలో ఒక్క సెట్టింగు మారిస్తే పోయే తప్పు అది.

ఆకాశాన్నే అడగడం

ఇక్కడ కథ మళ్లీ గాజు పలకల దగ్గరికి వస్తుంది. ఎన్‌కోడర్లను, గేర్లను నమ్మడం ఎందుకు, కెమెరాతో ఒక ఫొటో తీసి అందులోని నక్షత్రాలనే అడగవచ్చు కదా? టర్నర్ కాలంలో పలక సుమారుగా ఎటు చూస్తోందో ముందే తెలుసు. ఏమీ తెలియని ఫొటో ఇచ్చి ఇది ఆకాశంలో ఎక్కడిది అని అడిగితే జవాబు చెప్పడం చాలా కష్టమైన పని.

డస్టిన్ లాంగ్, డేవిడ్ హాగ్, శామ్ రోవీస్, వారి సహచరులు 2010లో ప్రచురించిన ఆస్ట్రోమెట్రీ డాట్ నెట్ పద్ధతి ఆ పని చేసి చూపింది. ఫొటోలో నాలుగు నక్షత్రాలు తీసుకుంటారు. అందులో బాగా దూరంగా ఉన్న రెండింటిని కొలబద్దగా పెట్టి, మిగతా రెండూ ఎక్కడున్నాయో నాలుగు సంఖ్యల్లో రాస్తారు. ఫొటో తిరిగి ఉన్నా, పెద్దదైనా చిన్నదైనా ఆ నాలుగు సంఖ్యలు మారవు. ఆకాశమంతటికీ ముందే ఇలాంటి సంఖ్యల సూచిక వేసి ఉంచుతారు. సరిపోయిన చోటు దొరకగానే ఫొటోలోని మిగతా నక్షత్రాలు కూడా అక్కడ ఉన్నాయో లేదో చూసి ఖరారు చేస్తారు. ఇప్పుడు చిన్న కంప్యూటర్లు కూడా ఈ పనిని క్షణాల్లో చేస్తాయి. సెలెస్ట్రాన్ 2020 నుంచి ఫోన్ కెమెరాతోనే గురి చూపే మోడళ్లు అమ్ముతోంది. మోటారున్న మౌంటుకు కెమెరా తోడైతే పని ఇలా సాగుతుంది: మోటారు తీసుకెళ్లిన చోట ఫొటో తీయడం, ఎంత తప్పిందో చూడడం, ఆ తేడా కదిలి మళ్లీ ఫొటో తీయడం. రెండు మూడు విడతల్లో వస్తువు కెమెరా మధ్యలోకి వచ్చేస్తుంది, గేర్లు ఎంత వదులుగా ఉన్నా సరే.

ఆ సూచికకు వాడిన పట్టికల్లో టైకో-2 ఒకటి. 2000లో వెలువడిన ఈ పట్టికలో పాతిక లక్షలకు పైగా నక్షత్రాలున్నాయి. స్థానాలు 1989లో ఎగిరిన హిప్పార్కస్ ఉపగ్రహం కొలిచినవి. కానీ నక్షత్రాలు కదులుతాయి. ఎడ్మండ్ హేలీ 1718లోనే గ్రీకుల కాలపు స్థానాలతో పోల్చి, స్వాతి తన చోటు మారిందని గమనించాడు. అది వందేళ్లకు దాదాపు నాలుగు కళలు జరుగుతుంది. ఒక నక్షత్రం ఎంత వేగంగా కదులుతోందో తెలియాలంటే ఇప్పటి స్థానమే చాలదు, చాలా పాత స్థానం కూడా కావాలి. టైకో-2 కోసం ఆ పాత స్థానాలు 144 భూతల పట్టికల్లోంచి వచ్చాయి. వాటిలో అన్నిటికంటే ముఖ్యమైనది పారిస్ సమావేశం మొదలుపెట్టించిన ఆ ఫొటోల పట్టికే. అందులో దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీలు, ఉత్తరాన 36 నుంచి 39 డిగ్రీలు హైదరాబాద్ కొలిచినవి. అనూరాధలోని రెండు నక్షత్రాలు, అభిజిత్తు ఆ పట్టీల్లోనివే. ఎం13 అనే నక్షత్రాల గుచ్ఛం, బెసెల్ దూరం కొలిచిన 61 సిగ్ని కూడా ఆ ఉత్తర పట్టీలోనే ఉన్నాయి. బేగంపేటలో మైక్రోస్కోపు ముందు కూర్చుని గళ్లలో చుక్కలు లెక్కబెట్టినవారికి హిప్పార్కస్ సంగతి తెలిసే వీలే లేదు. వాళ్లు కొలిచిందాన్ని తీసేస్తే, ఆ పట్టీల్లోని మామూలు నక్షత్రాలు రేపు ఎక్కడుంటాయో చెప్పడం ఇంత తేలిక కాదు.

కెమెరా ఉంటే మౌంటు గురి గురించి అంత పట్టించుకోనక్కర్లేదన్న మాట నిజమే. కానీ కంటితో చూసేవారికి, ఖర్చు తగ్గించుకోవాలనుకునేవారికి మేయర్ దారే ఇప్పటికీ దారి. కొత్త మౌంటు కోసం డబ్బు పోగు చేసేముందు ఒక నోటుబుక్కు తెరవండి. ఆకాశం నలుమూలల్లో డజను నక్షత్రాలకు టెలిస్కోపును పంపి, ప్రతిసారీ చుక్క ఐపీస్ మధ్య నుంచి ఎటు, ఎంత తప్పిందో రాయండి. అన్నీ ఒకే వైపు, ఒకేలా తప్పితే మళ్లీ అలైన్‌మెంట్ చేస్తే చాలు. కిందికి దిగేకొద్దీ తప్పు పెరిగితే గొట్టం కుంగుతోంది. నడినెత్తి చుట్టూనే తప్పితే గొట్టం ఇరుసుకు లంబంగా లేదు. ఒక పోలికా పొందికా లేకుండా తప్పుతూ ఉంటే, అదే నక్షత్రానికి రెండుసార్లు వెళ్లినా రెండు రకాలుగా తప్పితే, ఎక్కడో ఒక బోల్టు వదులైంది. దానికి ఏ లెక్కా పనికిరాదు, పానా తీసుకోవలసిందే.